ఒక్కో కణానికో గది

ల్యాబులో ఆమెని అందరూ చిప్పమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ల్యాబువాళ్ళు కాదు, ఆమె మేనత్త.

ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఇంతకీ ఏం పనే నీది?" అని అత్త అడిగితే, "చిప్పులు చేస్తానత్తా" అని చెప్పింది. అత్త కుట్టుమిషను తొక్కడం ఆపి, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, "ఇన్నేళ్ళు చదివించి పంపిస్తే చివరికి చిప్ప చేతికిచ్చారన్నమాట" అంది. మర్నాడు తనే ఆ మాట ల్యాబులో చెప్పి అందరినీ నవ్వించింది. నవ్వించినందుకు ఫలితం అనుభవించింది కూడా. లేజర్లు చూసుకునే మాస్టారు మొదలుకొని గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరి నోటా చిప్పమ్మే స్థిరపడిపోయింది.

చిప్పమ్మని పెంచింది ఆ అత్తే. నాన్న లారీ డ్రైవరు. ఆయన ఇంట్లో కన్నా రోడ్డు మీద ఉండేదే ఎక్కువ. అమ్మ పోయేనాటికి చిప్పమ్మకి పాలపళ్ళు కూడా ఊడలేదు. పిల్లని చంకనేసుకుని అక్క దగ్గరికి వచ్చి, "కొన్నాళ్ళు చూస్తావా అక్కా?" అన్నాడు నాన్న. ఆ కొన్నాళ్ళు పిల్ల చదువై, ఉద్యోగం వచ్చినా అవలేదు.

అత్తది టైలరింగు కొట్టు. మేడమెట్ల కింద ఒకటే గది. కిటికీ పక్కన మిషను, గోడ పొడుగునా తీగ మీద వేలాడే చొక్కాలు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు, మధ్యలో కత్తిరించే బల్ల. ఆ బల్ల కిందే, గుడ్డపేలికల కుప్ప మీద చిప్పమ్మ చిన్నప్పటి మధ్యాహ్నాలన్నీ నిద్రపోయింది. పై అంతస్తులో వంటగదీ ఇంకో గదీ ఉండేవి, అదే ఇల్లు. అత్త పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కొలతలు కుదర్లేదు" అనేది. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే "ఒకాయన వచ్చాడు గానీ భుజాల దగ్గర బిగుతు" అనేది. అడిగినవాళ్ళు నవ్వి, తర్వాత ఏం అడగాలో తెలీక తమ చొక్కా సంగతిలో పడిపోయేవాళ్ళు.

ఇక చిప్పమ్మ చేసే పని. తేనెలా చిక్కగా, గాజులా తేటగా ఉండే సిలికాన్ జిగురు ఒకటుంటుంది. దాంట్లో గట్టిపడే మందు కలిపి గిలక్కొట్టి, గాలి లాగేసే జాడీలో పెట్టి, బుడగలన్నీ పోయేదాకా ఓపిగ్గా ఆగాలి. అప్పుడు అచ్చు మీద పోసి ఓవెన్‌లో పెడితే మెత్తటి రబ్బరు బిళ్ళ తయారవుతుంది. దాన్ని చిరక్కుండా ఊడదీసి, గొట్టాల కోసం చిల్లులు పొడిచి, గాజుపలకకి అతికించాలి. చూస్తే అరిగిపోయిన సబ్బుముక్కలా ఉంటుంది. లోపల మాత్రం వెంట్రుకకన్నా సన్నని కాలవలు, వాటి పక్కన వరసగా బుల్లి బుల్లి గదులు. పలచన చేసిన నెత్తురు ఒక కొస నుంచి పంపితే కణాలు లైనులో నిలబడ్డట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చి, గదికొకటి చొప్పున దూరి కూర్చుంటాయి. కింద నుంచి నీలం కాంతి వేస్తే, ముందే పట్టించిన రంగుల వల్ల బతికున్న కణం పచ్చగా మెరుస్తుంది. చస్తున్నది ఎర్రబడుతుంది. కాలవలోకి మందు వదిలి, ఏ గదిలో ఏం జరుగుతోందో చూస్తూ కూర్చోవడమే.

ఒక్కో కణాన్నీ విడిగా ఎందుకు చూడాలో ల్యాబు పెద్ద మేడం కొత్తవాళ్ళకి ఒకే ఒక్క మాటలో చెప్పేది. "క్లాసు మొత్తం మీద సగటు మార్కులు చూస్తే ఫెయిలైనవాడు కనపడడు. మనకి కావలసింది వాడే."

అన్నిటికన్నా పెద్ద గండం బుడగ. ఎక్కడ్నుంచో చీమ తలకాయంత గాలిబుడగ కాలవలో దూరిందంటే, గదుల్లో సర్దుకుని కూర్చున్న కణాలన్నిటినీ ఊడ్చుకుని పోతుంది. మూడు రోజుల పని ముక్కు చీదినంతలో గంగపాలు. అందుకని ఫోటోలు కెమెరా దానంతటదే తీసుకుంటున్నా, పక్కన మనిషి కాపలా ఉండాల్సిందే. ఆ కాపలాలో చిప్పమ్మని మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరంటే ఆమెకి కాస్త గర్వం కూడా.

ఒక చలికాలంలో అత్త వేళ్ళకి సూది గుచ్చుకుంటే నెత్తురు ఆగడం మానేసింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. టైలరు వేలికి సూది గుచ్చుకోవడం వింత కాదు కదా. అత్తే ఒకరోజు తెల్ల యూనిఫారం మీద పడ్డ ఎర్రచుక్కని ఉతుకుతూ, "ఏమే, ఇదివరకు నోట్లో పెట్టుకుంటే ఆగిపోయేది. ఇప్పుడేంటి కుళాయిలా కారుతోంది?" అంది. చిప్పమ్మ చెప్పులేసుకుంటూ, "గట్టిగా నొక్కి పట్టుకో అత్తా" అని చెప్పి వెళ్ళిపోయింది. తర్వాత మోచేతి మీద నీలంగా కమిలిన మచ్చ కనపడితే, మిషను చక్రానికి తగిలి ఉంటుందనుకుంది. పొద్దున్న లేచిందగ్గర్నుంచీ నెత్తుటి కణాలతోనే బతికే మనిషికి ఇంట్లో నెత్తురు ఏం చెబుతోందో చెవికెక్కలేదు.

మెట్లెక్కుతూ అత్త సగంలో కూలబడ్డాక గానీ ఆసుపత్రికి తీసికెళ్ళలేదు. ఎముకల్లో మూలుగ ఉండే చోట తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోతున్నాయని రక్తవ్యాధుల డాక్టరు చెప్పాడు. మొదటి మందు పెట్టారు. జుట్టు ఊడింది, కణాలు కొంత తగ్గాయి, మళ్ళీ పెరిగాయి.

ఆ డాక్టరూ ల్యాబు మేడమూ కలిసి చేస్తున్న పని ఒకటి అప్పటికే నడుస్తోంది. రోగి నెత్తురు కొంచెం తీసుకుని, చిప్పు గదుల్లో ఒక్కో కణం మీదా రకరకాల మందులు ప్రయత్నించి, ఏ మందుకి ఏ కణం లొంగుతోందో, ఏది మొండికేస్తోందో కనిపెట్టడం. ఇంకా పరిశోధనే, వైద్యం కాదు. అయినా చిప్పమ్మ వెళ్ళి అడిగింది. అత్త ఒప్పుకుంది. "తీసుకోండి, నా దగ్గరుండి అది ఒరగబెట్టిందేమీ లేదు" అంది.

మేడం మాత్రం, "ఈ శాంపిలు వేరేవాళ్ళు చూస్తే మంచిదమ్మా. నువ్వు మీ అత్త దగ్గర ఉండు" అంది.

"చిప్పు నేనే చేస్తున్నాను కదా మేడం. నేనే చూస్తాను."

"అందుకే చెప్తున్నాను."

"వేరేవాళ్ళకి అప్పగిస్తే నాకు నిద్ర పట్టదు మేడం. ఇంట్లో కూర్చున్నా మనసంతా ఇక్కడే ఉంటుంది."

లేజరు మాస్టారు కూడా చెప్పి చూశాడు. ఆయన నడివయసు మనిషి, కాంతిని గాజుల్లోంచి తిప్పి, మలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా కణం మీద పడేలా నిలబెట్టడం ఆయన పని. "సాయంత్రాలు నేను చూస్తాలే చిప్పమ్మా. నువ్వెళ్ళు" అన్నాడు. ఆయన కాపలా ఉన్నప్పుడే ఒకసారి బుడగ దూరింది. ఆ మాట పైకి అనలేదు గానీ, "పరవాలేదు మాస్టారూ, నాకు అలవాటే" అంది.

అట్లా మొదలైంది. అత్త కణాల కోసం అన్నిటికన్నా శుభ్రమైన చిప్పు చేసింది. ఒకటి చేసి, కాలవ అంచు కొంచెం గరుకుగా ఉందని పారేసింది. ఇంకోటి చేసి, అదీ నచ్చక పారేసింది. పొద్దున్నే వెళ్ళేది, అత్త నిద్రపోయాక వచ్చేది. పళ్ళెంలో మూత పెట్టిన అన్నం ఉండేది. ఒంట్లో బాగాలేని మనిషి వండి మూతపెట్టిన అన్నం. ఒకే ఇంట్లో ఉంటూ వాళ్ళిద్దరూ ముఖాముఖి కూర్చుని మాట్లాడుకున్నది ఆ రోజుల్లో ఎంత తక్కువో, తర్వాత లెక్కేసుకుందామన్నా లెక్కకి అందలేదు. అత్త దగ్గర లేనని ఆమెకి అప్పుడు అనిపించనే లేదు. రోజంతా అత్త కోసమే కష్టపడుతున్నాననే అనుకుంది. అది అబద్ధం కూడా కాదు.

మొదటిసారి మందు వదిలిన పూటే కాలవ పూడుకుపోయి కణాలు పాడయ్యాయి. మళ్ళీ నెత్తురు ఇవ్వడానికి అత్త ఆసుపత్రికి వచ్చి, అటునుంచి అటే "నీ కొట్టు చూపించవే" అంటూ ల్యాబుకి వచ్చింది. తలకి తనే కుట్టుకున్న పువ్వుల టోపీ. అందరినీ పలకరించింది. లేజరు మాస్టారు చొక్కా వైపు ఒకసారి చూసి, "రెండో గుండీ ఎవరు కుట్టారండీ? దారం రంగు వేరు" అంది. మాస్టారు సిగ్గుపడి, "నేనేనండీ" అన్నాడు. "అదే అనుకున్నాను" అంది అత్త.

చిప్పమ్మ తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. చీకటి గదిలో తెర మీద, ఆ పూటే ఇచ్చిన నెత్తురు ఎక్కించిన కొత్త చిప్పులో, వరసగా పచ్చటి చుక్కలు, గదికొకటి.

"ఇవన్నీ నేనేనా?"

"నీ నెత్తుట్లోవే అత్తా."

"వీటిలో నన్ను తినేస్తున్నవి ఏవే?"

"ఈ వరసలో చాలావరకు అవే."

అత్త ముందుకి వంగి చూసింది. "ముద్దుగానే ఉన్నాయి దొంగపీనుగులు. ఒక్కోదానికీ ఒక్కో గది కట్టించావు. మనిద్దరం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా చెరో గదిలో పడుకున్నామా?"

చిప్పమ్మ నవ్వింది. తెర మీద ఒక మూల ఏదో వెలుగు మసకబారినట్టు అనిపించి అటు తిరిగింది. అత్త ఇంకేదో అంది. ఏమందో వినిపించుకోలేదు. తిరిగి చూసేసరికి అత్త లేచి టోపీ సర్దుకుంటోంది.

ఆ తర్వాత కొద్దిరోజులకి ఒక పొద్దున్న అత్త మెట్ల దగ్గర నిలబడి, "శనివారం నాకోసం ఒక పూట అట్టిపెట్టుకో" అంది.

"ఎందుకత్తా?"

"కొట్లో జనం ఇచ్చిన గుడ్డలున్నాయి. కొన్ని కత్తిరించినవి, కొన్ని ముట్టుకోనివి. ఇక నావల్ల కాదు. ఎవరివి వాళ్ళకి ఇచ్చేయాలి. మూట నేను మొయ్యలేను. నువ్వు పక్కనుంటే ఇంటింటికీ వెళ్ళి, చెప్పి, ఇచ్చేసి వస్తాను."

"వాళ్ళనే రమ్మంటే సరిపోదా?"

"వాళ్ళు నమ్మి ఇచ్చారు. నేను కుట్టలేకపోయాను. వాళ్ళని వచ్చి పట్టుకుపొమ్మంటే ఏం బాగుంటుందే?"

సరిగ్గా ఆ శనివారానికే రెండో చిప్పులో మందు ప్రయోగం ముగింపుకొస్తుంది. మొండి కణాలు లొంగేదీ లేనిదీ తేలే రోజు. "వచ్చే వారం వెళ్దాం అత్తా. ఈ ఒక్క వారం ఆగు. ఇది నీ కోసమే కదా" అంది.

"నా కోసమేలే" అంది అత్త. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో చిప్పమ్మ ఎన్నిసార్లు తిప్పి తిప్పి తల్చుకున్నా తేల్చుకోలేకపోయింది.

అత్త ఆగలేదు. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. చిప్పమ్మకి ఊహ తెలిసినప్పట్నుంచీ ఆయన గడియారాల బాబాయే. ఆయన మూట భుజానేసుకుంటే, అత్త గోడలు పట్టుకుంటూ వీధి వీధీ తిరిగి అందరి గుడ్డలూ అందరికీ ఇచ్చేసి వచ్చింది. ఆ రాత్రి చిప్పమ్మ ఇంటికొచ్చేసరికి గోడ మీది తీగ బోసిగా ఉంది. అత్త నిద్రపోతోంది. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ "ఇచ్చేశావా అన్నీ?" అని అడిగింది. "ఇచ్చేశాను" అంది అత్త. ఎట్లా వెళ్ళావు, ఎవరేమన్నారు, మెట్లెక్కగలిగావా, ఇవేవీ అడగలేదు. ఫోటోలు సరిచూడాలి, ఆలస్యమవుతోంది.

ఆ ఫోటోల్లో ఫలితం కనపడింది. ఆసుపత్రిలో ఇస్తున్న మందుకి చాలా గదులు ఎర్రబడ్డాయి గానీ, అక్కడక్కడ కొన్ని పచ్చగానే మొండికేసి కూర్చున్నాయి. పక్క వరసలో దానికి తోడు ఇంకో మందు కలిపి వదిలారు. అక్కడ ఆ మొండివి కూడా ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. చిప్పమ్మ ఒకటికి రెండుసార్లు చూసుకుని, మేడం గదికి పరిగెత్తింది. మేడం ఫోటోలన్నీ చూసి డాక్టరుకి ఫోను చేసింది. చాలాసేపు అవతలి మాట వింది. ఫోను పెట్టేసి కళ్ళజోడు తీసింది.

"రాత్రి నుంచి జ్వరమట. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. పొద్దున్న నువ్వు వచ్చేశాక మీ నాన్న లారీ దిగి ఇంటికొచ్చి, చూసి, ఆసుపత్రిలో చేర్చాడు. నీకు ఫోను చేశాడట."

ఫోను బీరువాలో ఉంది. తెర ఉన్న చీకటి గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళరు.

"కొత్త మందు మేడం?"

"ఇప్పుడున్న ఒంటికి ఆ మందు పెడితే మందే చంపేస్తుందంటున్నాడు. జ్వరం తగ్గాక చూద్దాం అన్నాడు."

జ్వరం తగ్గలేదు. ఆసుపత్రిలో అత్త ముక్కు మీద గాలిగొట్టం, కళ్ళు సగం మూతలు. చిప్పమ్మ మంచం పక్కన కూర్చుని చెవిలో చెప్పింది, మందు దొరికిందనీ, ఒక్కటి కూడా మిగలకుండా లొంగిపోయాయనీ, కాస్త ఓపిక తెచ్చుకుంటే చాలనీ. అత్త కళ్ళు తెరిచింది. మాట రాలేదు. చెయ్యి చాపి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిప్పమ్మ మణికట్టు చుట్టూ వేసి చూసింది, చొక్కా చేతి పట్టీ కొలత తీసుకునేటప్పుడు వేసినట్టే. రెండు వేళ్ళూ సులువుగా కలిసిపోయాయి. చిక్కిపోయావన్నట్టు తల అడ్డంగా ఊపింది. అప్పటికి ఆమె ఒంట్లో ఏమీ లేదు, ఉన్న ఓపికంతా మేనకోడలి మణికట్టు కొలవడానికే అయిపోయినట్టుంది.

ఆ వారం దాటలేదు.

తర్వాత జరిగినవన్నీ మంచివే అని చెప్పాలి. కొన్నాళ్ళకి అదే జబ్బుతో వచ్చిన ఒక పోస్టుమాన్‌కి ల్యాబులో తేలిన దారిన రెండు మందులూ కలిపి ఇచ్చారట. తట్టుకున్నాడు. లేచి తిరుగుతున్నాడని డాక్టరు స్వయంగా వచ్చి చెప్పాడు. ఆ మనిషి ఒకసారి ల్యాబుకి వచ్చి అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు. చిప్పమ్మ కూడా చేతులు జోడించింది, సంతోషం వేసింది కూడా. కానీ ఆయన నిండైన భుజాలు, బిగుతైన చొక్కా చూస్తూ నిలబడితే, అత్త ఉంటే ఏమనేదో అనిపించి, ఉన్న చోటనుంచి పక్కకి వెళ్ళిపోవాల్సొచ్చింది. అత్త కణాల బొమ్మ, వరసగా గదుల్లో పచ్చగా, మధ్య మధ్య ఎర్రగా, పెద్దది చేయించి ల్యాబు నడవాలో తగిలించారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎంత అందంగా ఉందో అంటారు. అది ఎవరిదో వాళ్ళెవరికీ తెలియదు, తెలియకూడదు కూడా.

నడవాలోంచి పోయేటప్పుడు ఆమె ఆ బొమ్మ ముందు ఆగదు. ఆ కణాల్లో ఏది ఎప్పుడు ఎర్రబడిందో, ఏది ఏ మూల గదిలో చివరిదాకా నిలిచిందో ఆమెకి కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. ఆ రోజుల్లో అత్త ఏం తిందో, ఏ పక్కకి తిరిగి పడుకునేదో, నొప్పికి పైకి మూలిగేదో లేక దిగమింగుకునేదో మాత్రం తెలియదు. తెలుసుకోవడానికి అప్పుడు కాస్త పొద్దుండగా ఆ మేడ మెట్లెక్కి ఉంటే సరిపోయేది.

ఆ మధ్య లేజరు మాస్టారి భార్యకి ఆపరేషను అయింది. ఆయన మాత్రం ల్యాబులో చిప్పమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని, తెర వంక చూస్తూ, ఊరికే గోళ్ళు కొరుకుతున్నాడు. చిప్పమ్మ చూసి చూసి, "వెళ్ళండి మాస్టారూ, నేను చూస్తాను" అని పంపించింది. ఎంతోసేపు కాకముందే తిరిగొచ్చేశాడు.

"అప్పుడే వచ్చేశారేం?"

"నిద్రపోతోంది. పక్కన కుర్చీలో నేనూ నిద్రపోయాను. గురక పెడుతున్నానని లేపి పంపించేసింది."

"మళ్ళీ వెళ్ళండి."

"ఏం చెయ్యడానికి?"

"గురక పెట్టడానికే. వెళ్ళండి మాస్టారూ."

మాస్టారు ఆమె మొహం చూసి, ఇంక వాదించకుండా వెళ్ళాడు. వెళ్ళి మంచిపనే చేశాడో, భార్యతో ఇంకోసారి తిట్లే తిన్నాడో ఆయనా చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

అత్త పోయాక కొట్టు మూసేశారు. మిషను నాన్న ఒక కుట్టుపని నేర్పే చోటికి ఇచ్చేశాడు. లారీ మానేసి ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. చాలాకాలం చిప్పమ్మ పక్క కొట్టు వైపు చూడకుండానే వెళ్ళేది. ఒకరోజు తన చేతి గడియారం ఆగిపోతే, ఇక తప్పక గడియారాల బాబాయి దగ్గరికి వెళ్ళింది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని గడియారం విప్పాడు. ఆ వంచిన తల వైపు చూస్తూ, ఎదురుగా ఆయన కళ్ళు లేవు కాబట్టే కాబోలు, అడగగలిగింది.

"బాబాయ్, ఆ శనివారం అత్తతో మీరే వెళ్ళారు కదా. ఎలా జరిగింది?"

బాబాయి తలెత్తలేదు. "ఇన్నాళ్ళకి అడిగావా?" అన్నాడు. నిష్ఠూరం కాదది, నిజంగానే ఆశ్చర్యం.

"ఇన్నాళ్ళకే."

"మెల్లగా వెళ్ళాం. ఇంటింటి దగ్గరా మీ అత్త ఒకటే మాట. మా పిల్ల నాకు మందు వెతుకుతోంది, అందుకే రాలేకపోయింది, లేకపోతే ఈ గడియారమాయన చేత మూట మోయిస్తానా అని. వాళ్ళు లోపలికి రమ్మంటే వెళ్ళేది కాదు. గుమ్మంలోనే గుడ్డ విప్పి, ఇక్కడిదాకా కత్తిరించాను, ఈ అంచు ఇట్లా మడవమని చెప్పండి, చంక దగ్గర కొంచెం వదులు పెట్టమనండి అని, ఎవరి గుడ్డకి వాళ్ళకి అప్పగింతలు."

"అలిసిపోయిందా?"

"అలిసిపోదా మరి? టీచరమ్మ వాళ్ళ మేడ మెట్ల మీద కూర్చుండిపోయింది. నీళ్ళు తెస్తానన్నాను, వద్దంది. కాసేపు ఊపిరి తీసుకుని, 'అది పక్కనుంటే ఈపాటికి నన్ను రెండుసార్లు తిట్టి, నాలుగుసార్లు నవ్వించేది' అంది. నీకు చెప్పొద్దంది. చెప్పేశాను, ఏం చెయ్యను, ముసలాణ్ణయ్యాను."

చిప్పమ్మ కొట్టు గోడని ఆనుకుని నిలబడింది. బాబాయి గడియారం మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఆమె చేతికిచ్చాడు. భూతద్దం తుడుచుకుని, ఇంకో గడియారం ముందుకి లాక్కున్నాడు.

ఆ తర్వాత ఆమె సెలవురోజుల్లో ఆ ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టింది. బాబాయికి గుర్తున్నంతవరకు ఇళ్ళు చెప్పాడు. ఒక ఇంట్లో కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళున్నారు, వాళ్ళకేమీ తెలియదు. ఒకావిడ తలుపు తీసి "ఆ టైలరమ్మ మేనకోడలివా? నీ గురించే చెప్పింది" అని కూర్చోబెట్టి, అత్త సంగతులకన్నా తన కోడలి సంగతులే ఎక్కువ చెప్పింది. చిప్పమ్మ అన్నీ వింది. ఒక హోటలు వంటాయన, తన తెల్లకోటు సగం కుట్టింది అలాగే బీరువాలో ఉందని తెచ్చి చూపించాడు. కుట్టు కొంతదూరం సూటిగా వచ్చి, ఒక చోట వంకరపోయి, అక్కడ ఆగిపోయింది. ఆమె ఆ వంకర దగ్గర వేలు పెట్టి చూసి, మడిచి ఇచ్చేసింది. "మీరు ఉంచుకోండమ్మా" అన్నాడాయన. వద్దంది. అత్త ఇంటికొచ్చి మరీ ఇచ్చిన వస్తువది, వెనక్కి తీసుకోవడం బాగుండదనిపించింది.

చివరికి టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. రిటైరయిన ఒంటరి మనిషి. మేడ మీద వాటా. ఆ మెట్లు నిటారుగా ఉన్నాయి. చిప్పమ్మే పైకి చేరేసరికి ఆయాసపడింది. టీచరమ్మ టీ పెట్టింది. ఆ గుడ్డ తర్వాత ఇంకో టైలరుకి ఇచ్చానంది, చంక దగ్గర వదులు పెట్టమని చెప్పినా వినకుండా బిగుతు చేశాడంది, ఒక్కసారి కూడా వేసుకోలేదంది. ఇద్దరూ నవ్వారు.

"ఆరోజు మా అత్త మీతో ఇంకేమైనా అందా అండీ?"

"అందమ్మా. వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడి ఏదో అంది. భలే మాట. నేను పగలబడి నవ్వాను, ఆవిడా నవ్వింది. తలుపు పట్టుకుని మరీ నవ్వుకున్నాం."

"ఏమంది?"

టీచరమ్మ కప్పు కింద పెట్టింది. కళ్ళు చికిలించి కిటికీలోంచి బయటికి చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి.

"నీ గురించే అనుకుంటాను. కాదేమో, నా గురించేనేమో. నాలుక చివరిదాకా వస్తోంది గానీ..." ఆవిడ నొచ్చుకుంటూ తల ఊపింది. "రావట్లేదమ్మా. ఈ మధ్య అన్నీ ఇంతే. గుర్తొస్తే కబురు చేస్తాను."

చిప్పమ్మ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసిచ్చి, మెట్లు దిగి వచ్చేసింది. ఇప్పటికీ టీచరమ్మ బజార్లో ఎదురుపడుతూనే ఉంటుంది. దూరం నుంచే ఆమెని చూసి, ఇంకా గుర్తు రాలేదన్నట్టు చెయ్యి తిప్పుతుంది. చిప్పమ్మ పరవాలేదన్నట్టు తల ఊపి, ల్యాబు దారి పడుతుంది.